మద్రాసు నాకు కొట్టిన పిండి

19 జూన్ 1949, ఆదివారం. నూజివీడు

ఇవాళ నా నోరు నన్ను నిలువునా ముంచింది.

సాయంత్రం మా అరుగు మీద నలుగురూ చేరారు. రెడ్డిగూడెం తోటల్లో చివరి కోత నిన్ననే దింపించి మద్రాసు వ్యాగనుకి ఎత్తించాను. తొలకరి పడింది. సీజను గండం గడిచిందన్న హుషారులో మద్రాసు ట్రాముల సంగతి ఎత్తాను. ఎదురింటి మంగమ్మ పిన్ని వక్కపలుకు నోట్లో వేసుకుని, "పంతొమ్మిదేళ్ళుగా మద్రాసు మద్రాసని చెప్పడమేగానీ, అన్నపూర్ణని ఒక్కసారన్నా తీసుకెళ్ళావంట్రా నాగభూషణం?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వి ఊరుకుంటే సరిపోయేది. "ఈ గురువారమే బయల్దేరుతున్నాం పిన్నీ" అన్నాను.

అన్నపూర్ణ గుమ్మంలో నిలబడి ఉంది. సంతోషంతో నోట మాట రాలేదు కాబోలు. పంతొమ్మిదేళ్ళ కోరిక మరి.

ఇది మా పెద్దాడి పాత నోటుబుక్కు, వెనక సగం ఖాళీగా ఉంది. ఇందులోనైనా నిజం రాయాలనుకుంటున్నాను. నేను మద్రాసు ఆరుసార్లు వెళ్ళాను. ఆరుసార్లూ మామిడికాయల వ్యాగను వెంటే. గూడ్స్ షెడ్డులో కాయ దింపించి, అక్కడే బేరగాళ్ళకి అప్పగించి, గడ్డి మీద ఓ కునుకు తీసి, ఆ సాయంత్రం బండికే వెనక్కి. ఒక్కసారి మాత్రం గేటు దాటి రోడ్డు మీదికి వెళ్ళాను. ట్రాము గంట కొట్టుకుంటూ మీదికొచ్చింది. మళ్ళీ లోపలికి వచ్చేశాను. నేను చూసిన మద్రాసు అంతే.

పెళ్ళిచూపుల్లో మా మామగారు, "మా అమ్మాయికి మద్రాసు చూడాలని మహా కోరిక" అన్నారు. అప్పటికి అన్నపూర్ణకి బెజవాడ బట్టలకొట్టు వాళ్ళ సంబంధం కూడా వచ్చి ఉంది. ఆ కుర్రాడు నాకన్నా రంగు, నాకన్నా పొడుగు. నేనేం చేసేది? "మద్రాసు నాకు కొట్టిన పిండి అండీ, ఏడాది తిరక్కుండా చూపిస్తాను" అన్నాను. సంబంధం కుదిరింది. మద్రాసు కోసం నన్ను చేసుకున్న మనిషికి మద్రాసు తెలీని మొగుడు దొరికాడని ఈ గురువారం తేలిపోతుంది.

20 జూన్, సోమవారం

ఒక ఉపాయం. హైస్కూలు వీరభద్రరావు మాస్టారు మద్రాసులో చదువుకున్నాడు. ఆయన ఇంటికి వెళ్ళి, "స్వరాజ్యం వచ్చాక మద్రాసులో ఏమన్నా మారాయేమో, ఒకసారి చెప్పండి మాస్టారూ" అన్నాను, ఏమీ ఎరగనట్టు. పాపం, ఆయన కుర్చీ నాకు ఎదురుగా వేసుకుని గంటసేపు చెప్పాడు. సెంట్రల్ నుంచి బయటికి రాగానే ఇటు ఇది, అటు అది అని రెండు చేతులూ చాపి మరీ చూపించాడు. ఎర్రటి బంగళా, బురుజులూ గోపురాలూ ఉంటాయి, అది హైకోర్టు అన్నాడు. అన్నీ కంఠస్థం చేశాను. ఇక నాకేం భయం లేదు.

21 జూన్, మంగళవారం

ఇప్పుడు తట్టింది. మాస్టారు నాకు ఎదురుగా కూర్చున్నాడు. ఆయన కుడి చెయ్యి చూపిస్తే అది నాకు ఎడమ. మరి ఆయన చెప్పింది ఆయన కుడో, నా కుడో? మళ్ళీ వెళ్ళి అడిగితే పరువు పోతుంది.

నాకేం భయం లేదు. ఒంట్లో కాస్త నలతగా ఉంది, అంతే.

22 జూన్, బుధవారం

నలత సంగతి అన్నపూర్ణకి చెప్పాను. "అయితే ప్రయాణం మానేద్దామా?" అంది, చాలా మామూలుగా. నా మీద జాలితో అంత కోరికనీ చంపుకుంటోంది. అలాంటి మనిషి ముందు మానేద్దాం అని ఎలా అనను? శొంఠి కషాయం తాగి తగ్గిపోయిందన్నాను.

నిజం తెలిసినవాడు మా గుమాస్తా బుచ్చయ్య ఒక్కడే. షెడ్డులో నా పక్కన గడ్డి మీద పడుకున్నవాడు. సాయంత్రం కొట్లో ఎవరూ లేకుండా చూసి దగ్గరికొచ్చి, "అయ్యగారూ, అమ్మగారికి ముందు గూడ్స్ షెడ్డు చూపించండి. అక్కడైతే మనకి తిరుగులేదు" అన్నాడు. వాణ్ణి తిట్టాలో, మెచ్చుకోవాలో తెలీలేదు.

23 జూన్, గురువారం. మెయిలు బండిలో

పిల్లల్ని మా అత్తగారికి అప్పగించాం. మంగళవారం దాకా చూసుకుంటుంది. గడ్డిలో మాగేసిన చిన్నరసాలు ఒక బుట్ట తెచ్చాను, సీజనుకి ఇవే చివరివి. అన్నపూర్ణ కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు.

24 జూన్, శుక్రవారం. మద్రాసు

సెంట్రల్‌లో దిగాం. జట్కావాడితో "మన వైశ్యుల సత్రం" అన్నాను, రోజూ వచ్చిపోయేవాడిలా. వాడు నా మొహం చూసి, నవ్వి, ఎక్కడికో తోలుకొచ్చాడు. సత్రమే. బోర్డు అరవంలో ఉంది. పేరేమిటని అడిగితే కొత్తవాణ్ణని తెలిసిపోదూ? పదో నెంబరు గది ఇచ్చారు. తాళంచెవి సత్రం గుమాస్తా దగ్గరే ఉంటుందట. బుట్ట మంచం కింద పెట్టి, తలుపు మూయించి, ఊరు చూడ్డానికి ఆ జట్కానే సాయంత్రం దాకా మాట్లాడుకుని మళ్ళీ సెంట్రల్ దగ్గరికే తోలించాను. మాస్టారి పాఠం అక్కణ్ణుంచే మొదలు కదా.

ఎడమవైపు ఎర్రటి పెద్ద బంగళా, బురుజులూ అవీ కనపడగానే నా ప్రాణం లేచొచ్చింది. "అదిగో, హైకోర్టు" అన్నాను. లోపలికి వెళ్ళాం.

కాసేపు చూసి అన్నపూర్ణ, "హైకోర్టులో గాజులు అమ్ముతున్నారేంటండీ?" అంది.

"జడ్జీలకి సెలవులప్పుడు అమ్ముకోనిస్తారు" అన్నాను.

"చిలకల్ని కూడానా?"

"అవీ."

ఇంకేం అడక్కుండా రెండు డజన్ల గాజులు కొనుక్కుంది. బయటికొస్తుంటే తెలుగు కుటుంబం ఒకటి ఎదురై, "మూర్‌మార్కెట్టు ఇదేనాండీ?" అని నన్నే అడిగింది. వినపడనట్టు నడిచాను. ఈ ఊళ్ళో ఎర్రగా లేనిదంటూ లేదు. స్టేషను ఎరుపు, బజారు ఎరుపు, పక్కనున్న టౌనుహాలు ఎరుపు. మాస్టారు రంగు తప్ప ఇంకేదైనా గుర్తు చెప్పి ఉండాల్సింది. ఆడలేక మద్దెల ఓడనడం కాదు, నిజంగానే మద్దెలే ఓడు.

మధ్యాహ్నం అన్నపూర్ణ, "బతికిన కాలేజీ తప్పకుండా చూసి రమ్మంది మంగమ్మ పిన్ని" అని గుర్తు చేసింది. మాస్టారు ఆ కాలేజీ మాటే చెప్పలేదు. "ఎండాకాలం సెలవులు కదా, పిల్లలెవరూ ఉండరు. ఉత్త బెంచీలు చూసి ఏం చేస్తాం?" అన్నాను. సరేనంది. ఎంత మంచి మనిషి. ఏది చెప్పినా నమ్ముతుంది. అందుకే నాకు ఇంకా దిగులుగా ఉంది.

25 జూన్, శనివారం

ఇవాళ జరిగినదంతా వరసగా రాస్తాను.

తెల్లవారకముందే జట్కాలో సముద్రానికి వెళ్ళాం. ఇసకలో కొంతదూరం నడిచాక ఎదురుగా అది కనపడింది. నేను సముద్రాన్ని ఎప్పుడూ చూడలేదు. గుండె ఆగినంత పనైంది. అంత నీళ్ళు, అంత చప్పుడు, ఎవరూ తిప్పకుండా దానంతటదే లేచి పడుతోంది. కేక పెట్టాలనిపించింది, పరిగెత్తాలనిపించింది, ఎటువైపో తెలీదు. కానీ నేను చాలాసార్లు చూసినవాణ్ణి కదా. ఆవలించి, "ఇంతే, రోజూ ఇలాగే ఉంటుంది" అన్నాను. అవతలి ఒడ్డు కోసం చూశాను. పొద్దున్నే మంచు పట్టినట్టుంది, ఆనలేదు.

అన్నపూర్ణ నా కండువా కొంగు గట్టిగా పట్టుకుని నిలబడింది. అల వచ్చినప్పుడల్లా నన్ను వెనక్కి లాగింది. పాదాలు కూడా తడపలేదు. ఆనందం పట్టలేకపోతోందని అనుకున్నాను.

ఎండెక్కాక తిరిగొచ్చేటప్పుడు జట్కా వద్దన్నాను. "నాకు అడ్డదారి తెలుసు, పది నిమిషాలు" అన్నాను. ఎందుకన్నానో ఆ దేవుడికే తెలియాలి. రెండు గంటలు నడిచాం. ఒక గడియారం స్తంభాన్ని మూడుసార్లు చూశాం. మూడోసారి అన్నపూర్ణ, "ఈ ఊళ్ళో గడియారాలు చాలా ఉన్నాయండీ" అంది. ఎవర్నైనా అడుగుదామంటే ఏమని అడగను? సత్రం పేరు తెలీదు, వీధి పేరు తెలీదు. పైగా అడిగితే అయిపోయినట్టే. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఒక సన్నవీధి మలుపు తిరిగేసరికి వాసన తగిలింది. చిన్నరసం. మాగి ఒక రోజైన చిన్నరసం, తొడిమ దగ్గర జీడి ఘాటు ఇంకా పోలేదు. అది రెడ్డిగూడెం ఎర్రనేల కాయ. పాతికేళ్ళుగా నేను బతుకుతున్నది ఈ ముక్కుతోనే. కళ్ళకి గంతలు కట్టి బుట్ట ముందు కూర్చోబెడితే ఏ తోట కాయో, ఎన్నాళ్ళకి మాగుతుందో చెప్పగలను. వ్యాగను సరుకు ఈపాటికి చెల్లిపోయి ఉంటుంది. జూన్ నెలాఖర్లో మద్రాసులో రెడ్డిగూడెం చిన్నరసం మా మంచం కింద తప్ప ఇంకెక్కడుంటుంది?

"వచ్చేశాం" అన్నాను, గుండెల మీంచి బండ దిగినట్టు. వాసన వెంట నడిచి, వీధిలో నాలుగో ఇంటి మెట్లెక్కి, వసారాలో చొక్కా విప్పి మేకుకి తగిలించి, చాప మీద వెల్లకిలా పడుకున్నాను. లోపల్నించి ఒకావిడ వచ్చింది. "పదో నెంబరు. తాళంచెవి తీసుకురామ్మా, కాసిని మంచినీళ్ళు కూడా" అన్నాను.

ఆవిడ లోపలికి పరిగెత్తింది. అన్నపూర్ణ మెట్ల దగ్గరే ఆగిపోయి, "ఏమండీ, లేవండి. ఇది సత్రం కాదు" అంది మెల్లగా.

"ఈ వాసన మన బుట్టదే. నాకు తెలీదా?"

"గోడ మీద వాళ్ళ పెళ్ళి ఫోటో ఉందండీ."

అప్పుడు లేచాను. ఇంటాయన రానే వచ్చాడు. అరవై ఏళ్ళుంటాయి, ఒక చేతిలో సగం చీకిన మామిడిపండు, ముంజేతి దాకా రసం. "ఎవురు మీరు? ఎవురు కావాల?" అన్నాడు. తెలుగు విని నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆయన పేరు పార్థసారథి నాయుడు, ఓడరేవులో పనిచేసి రిటైరయ్యాడట. తేలు కుట్టిన దొంగలా నిలబడి, వైశ్యుల సత్రం అనుకుని వాసన చూసి వచ్చానని చెప్పాను. ఇంకేం చెప్పగలను?

"వాసన చూసి ఇంట్లోకి వచ్చేస్తారా మీ ఊర్లో?"

"ఆ పండు రెడ్డిగూడెం కాయ అండీ. మొన్న శనివారం కోత. నేను పంపిన వ్యాగన్లోదే."

ఆయన చేతిలోని పండుని ఒకసారి, నన్ను ఒకసారి చూశాడు. "నిన్న కొత్వాల్ బజార్లో ఎత్తుకొస్తిని. రెడ్డిగూడెం కాయనే బేరగాడు కూడా చెప్పినాడు" అని పెద్దగా నవ్వాడు. "కూర్చోండయ్యా. మీరు మా ఇంట అన్నం తినరులే, పండు తినండి. మీ పండే."

నాలుగు పళ్ళు కడిగి తెచ్చారు. నా సరుకు నాకే మర్యాద చేసి పెట్టారు. బాగా మాగింది, ఆ మాట చెప్పక తప్పదు. నాయుడుగారు చెయ్యి తుడుచుకుని, "అయితే సరుకు పని మీద వస్తా పోతా ఉంటారు. మద్రాసు మీకు బాగా అలవాటేనా?" అని అడిగాడు.

అబద్ధం నాలిక చివరికి వచ్చేసింది. పంతొమ్మిదేళ్ళుగా అదే చోట కాచుకుని ఉంటుంది అది. అప్పుడు అన్నపూర్ణ పాదాలు కనపడ్డాయి. చెప్పుల్లేవు. తను ఎప్పుడూ చెప్పులు వెయ్యదు, నాకు ఆ సంగతే గుర్తు రాలేదు. నేను చెప్పులతో టకటకా ముందు నడిచాను, తను కాలుతున్న తారురోడ్డు మీద రెండు గంటలు నా వెనక నడిచింది. బొబ్బలు లేచాయి. ఒక పాదం మీద ఇంకో పాదం పెట్టి నిలబడి ఉంది, నాకు కనపడకుండా. నా మీద నాకే అసహ్యం వేసింది.

"లేదండీ" అన్నాను. "నాకు గూడ్స్ షెడ్డు తప్ప ఈ ఊళ్ళో ఏదీ తెలీదు. ఎప్పుడూ చూడలేదు. సముద్రం కూడా ఇవాళే చూశాను."

అన్నపూర్ణ వైపు చూడలేకపోయాను. టెంకె వంక చూస్తూ కూర్చున్నాను.

నాయుడుగారే రిక్షా పిలిచి వెంట వచ్చాడు. మా సత్రం ఆ ఇంటికి సరిగ్గా వెనక వీధి. దాని పేరు ఆయనే చదివి చెప్పాడు, ఇక్కడ రాసుకోవాలనుకుని మళ్ళీ మరిచిపోయాను.

గదిలో తలుపు వేసుకుని, బక్కెట్లో నీళ్ళు పోసి, తన పాదాలు అందులో పెట్టించి, కింద కూర్చున్నాను. తను గాజులు సర్దుకుంటూ కూర్చుంది.

"ఏదో ఒకటి అను. బెజవాడ సంబంధం చేసుకుని ఉంటే బాగుండేదని అను" అన్నాను.

"బెజవాడ వాళ్ళెవరండీ?"

ఆ సంబంధం సంగతే తనకి తెలీదట. నేను పంతొమ్మిదేళ్ళుగా వాడితో పోటీ పడుతున్నాను.

"నీకు మద్రాసు చూడాలని కోరిక అని మీ నాన్న అన్నారుగా?"

"మీ నాన్నగారు వచ్చి, 'మా వాడు మద్రాసు వెళ్ళొస్తుంటాడు' అని గొప్పగా చెప్పుకున్నారు. మీకు బాగుంటుందని మా నాన్న ఆ మాట కలిపాడు. అప్పటికి నాకు మా ఊరు చాట్రాయి తప్ప ఏం తెలుసు? మద్రాసంటే ఊరో మనిషో కూడా తెలీదు."

"మరి ఏటేటా అడిగేదానివి?"

"చూపించమని ఎప్పుడన్నా అడిగానా? ఎలా ఉంటుందని అడిగాను." నీళ్ళలో పాదాలు కదిలించింది. "సీజనంతా కాయల గొడవతో మొహం పీక్కుపోయి ఇంటికొచ్చేవారు. మద్రాసు మాట ఎత్తితే చాలు, మొహం తేటపడేది. చెప్తూ చెప్తూ రెండు ముద్దలు ఎక్కువ తినేవారు. అందుకని అడిగేదాన్ని."

ఇంకో చెంబు నీళ్ళు తన పాదాల మీద పోశాను. "అబద్ధమని ఎప్పుడు తెలిసింది?" అన్నాను.

"పెళ్ళైన రెండో ఏడు. సముద్రానికి అవతలి ఒడ్డు కనపడుతుంది, అక్కడ కొబ్బరిచెట్లు కూడా లెక్కపెట్టొచ్చు అన్నారు. రెండో తరగతి పుస్తకంలో కూడా అలా లేదండీ."

"మరి ఆదివారం అరుగు మీద నేనన్నప్పుడు వద్దనొచ్చుగా?"

"నలుగుర్లో వద్దంటే మీ పరువేం కాను? మీకు నలతగా ఉందంటే గట్టెక్కాం అనుకున్నా. శొంఠి కషాయం తాగేశారు." కళ్ళొత్తుకుంది, నవ్వుతోందో ఏడుస్తోందో తెలీలేదు. "నాకు నీళ్ళంటే చచ్చేంత భయమండీ. ఇవాళ పొద్దున ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాను."

ఇద్దరిలో ఒక్కరికీ ఇష్టం లేని ప్రయాణం. ఒకరి కోసం ఒకరం మూడువందల మైళ్ళు వచ్చాం. ముందు నేను నవ్వాను. తర్వాత ఇద్దరం పక్కగదివాళ్ళు గోడ మీద కొట్టేదాకా నవ్వాం.

26 జూన్, ఆదివారం

మూర్‌మార్కెట్లో తనకి చెప్పులు కొన్నాను. తర్వాత ట్రామెక్కాం. ఎక్కడికి అని కండక్టరు అడిగితే "ఎక్కడిదాకా వెళ్తే అక్కడిదాకా" అన్నాను. వాడు అరవంలో ఏదో గొణిగాడు. ఆ చివరి నుంచి ఈ చివరికి, మళ్ళీ ఆ చివరికి తిరిగాం. కనపడిన ప్రతి మనిషినీ అది ఏంటి, ఇది ఏంటి అని అడిగాను. అడగడం ఇంత హాయిగా ఉంటుందని తెలీదు. హైకోర్టు కూడా చూశాం, అదీ ఎరుపే. అందులో గాజులు లేవు.

బతికిన కాలేజీ అంటే జంతువుల తోట. గేటు దగ్గర అన్నపూర్ణ నా వైపు తిరిగి, "పిల్లలు సెలవులకి వెళ్ళలేదు పాపం" అంది, పులి బోను చూపించి. ఇది జన్మంతా అంటుంది.

27 జూన్, సోమవారం. బండిలో

ఇంటికెళ్ళాక మంగమ్మ పిన్ని అడిగితే నిజం చెప్పేస్తానన్నాను. తను కిటికీలోంచి చూస్తోంది.

28 జూన్, మంగళవారం. నూజివీడు

సాయంత్రం అరుగు నిండిపోయింది. మంగమ్మ పిన్ని, వీరభద్రరావు మాస్టారు, చివరికి బుచ్చయ్య కూడా వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. నేను గొంతు సవరించుకుని నిజం మొదలుపెట్టబోయాను.

అన్నపూర్ణ నాకన్నా ముందు అందుకుంది. ట్రాము గురించి చెప్పింది, పులి గురించి చెప్పింది. అక్కడిదాకా నిజమే. తర్వాత సముద్రం దగ్గరికొచ్చింది. తను మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగిందట. అక్కడ ఒక దొరసాని కలిసిందట. తన జాకెట్టు చేతుల మీద కుట్టు చూసి ముచ్చటపడి, పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడిందట.

నేను తెల్లబోయాను. అక్కడ దొరసానీ లేదు, దొరా లేడు. పల్లీలమ్మే ముసలాయన ఒక్కడున్నాడు. బుచ్చయ్య నా వైపు అనుమానంగా చూశాడు. మంగమ్మ పిన్ని కూడా వక్క నమలడం ఆపి, "నిజమేనంట్రా?" అంది నాతో.

అన్నపూర్ణ నా వైపు చూడలేదు. చేతులు తిప్పుతూ, కళ్ళు పెద్దవి చేసుకుని, ఆ దొరసాని ఎలా నవ్విందో చూపిస్తోంది. పంతొమ్మిదేళ్ళలో ఆ మొహం అంత కళగా ఉండడం నేను చూడలేదు.

కొంచెం దగ్గరికి జరిగి కూర్చున్నాను.

"ఆవిడ వేసుకున్న గౌను ఏ రంగు అన్నావు?" అని అడిగాను.

"లేతాకుపచ్చ" అంది, తడుముకోకుండా.

"ఆ తర్వాత ఏమంది?" అన్నాను.